తోసేవాళ్ళు ఏమయ్యారు?

టోక్యో రైళ్ళంటే మనవాళ్ళకి గుర్తొచ్చేది ఒకే ఒక్క ఫోటో. తెల్ల గ్లౌజులేసుకున్న ఉద్యోగులు, గోతాంలో మిరపకాయలు తొక్కినట్టు జనాన్ని పెట్టెలోకి కుక్కుతుంటారు. అది చూసి "జపానోళ్ళ క్రమశిక్షణే వేరు" అనేస్తారు. మూడేళ్ళుగా నిషికసాయిలో ఉంటూ తొజాయ్ లైన్లో ఆఫీసుకెళ్తున్న నాకు ఆ మాట అంతగా నచ్చదు. ఆ రద్దీ పెరగడానికీ, తగ్గడానికీ కూడా కారణం సంస్కృతి కాదు. పట్టాలు, తలుపులు, ఆఫీసు టైములు... అంతే.

ఆ తోసేవాళ్ళని 'ఒషియా' అంటారు. 1955లో షింజుకు స్టేషన్లో మొదలైందీ పద్ధతి. అధికారిక హోదా మాత్రం 'ప్రయాణికులను సర్దే సిబ్బంది'! వాళ్ళలో చాలామంది పార్ట్‌టైం చేసుకునే కాలేజీ కుర్రాళ్ళే. 1950లో సుమారు 63 లక్షలున్న టోక్యో జనాభా 1962కి కోటి దాటింది. ఊళ్ళో ఇళ్ళ ధరలు అందవు, పైగా రైలు పాస్ ఖర్చు మామూలుగా కంపెనీయే ఇస్తుంది. దాంతో జనం దూరంగా కాపురాలు పెట్టారు. పొద్దున ఎనిమిదింటికి అందరూ ఒకేవైపు ప్రయాణం.

ఇక్కడ రద్దీని శాతాల్లో కొలుస్తారు. 100 అంటే అందరికీ సీటో, పట్టుకోడానికో ఆధారం దొరికినట్టు. 180 అయితే పేపరు మడిచి కష్టపడి చదవొచ్చు. 200 దాటితే ఒంటికి ఒళ్ళు ఒత్తుకుపోతుంది. 250 అంటే చెయ్యి కూడా కదపలేరు. 1975లో టోక్యో ముఖ్యమైన లైన్ల *సగటు* 221!

ప్రభుత్వ రైల్వే 1965 నుంచి అయిదు దిక్కులా పట్టాలు రెట్టింపు చేసే పని పెట్టుకుంది. మా తొజాయ్ లైను కూడా అలాంటి ఉద్దేశంతో కట్టిందే. 1969కల్లా నిషిఫునబాషి దాకా వచ్చింది. పక్కనున్న సోబు లైను బరువు తగ్గించాలన్నది ఆలోచన. తీరా ఏమయింది? లైను పక్కన అపార్టుమెంట్లు లేచాయి, 1979లో నిషికసాయి స్టేషనొచ్చింది. 2000 సంవత్సరం సాఫ్ట్‌వేర్ సమస్య పుణ్యమా అని వచ్చిన మన ఇంజినీర్లు, ఒతెమాచి ఆఫీసులకి బండి మారకుండా వెళ్ళొచ్చని ఇక్కడే స్థిరపడ్డారు. చివరికి రద్దీ తగ్గించడానికి వేసిన లైనే 2019లో 199 శాతంతో దేశంలోకెల్లా కిక్కిరిసిన వాటిల్లో ఒకటయింది :)

ఈ ఇరుకుకి మూల్యం అందరూ సమానంగా కట్టలేదు. ఆడవాళ్ళు ఎక్కువ కట్టారు. 1912లోనే చువో లైన్లో విద్యార్థినులకి వేరే బండి నడిపారు. 2000 చివర్లో ఒక ప్రైవేటు రైల్వే మళ్ళీ మహిళల పెట్టె మొదలుపెడితే, 2005లో టోక్యోలో చాలా లైన్లు అదే దారి పట్టాయి. తొంభై ఏళ్ళ తర్వాత కూడా అదే పరిష్కారం కావాల్సొచ్చిందంటే, క్రమశిక్షణ అనే మాట ఎంతవరకు నిజమో ఆలోచించండి.

ఇంజినీర్లు చేయగలిగింది చేశారు. యమనోతె లైన్లో ఆరు తలుపుల పెట్టెలు పెట్టి, పొద్దునపూట సీట్లు మడిచేశారు. తొజాయ్‌లో తలుపులు వెడల్పు చేసి 1.8 మీటర్లకి తెచ్చారు. 2019 జనవరిలో అయితే, చాలినంతమంది పెందలాడే వస్తే సోబా, తెంపురా ఉచితమని కూడా ప్రకటించారు!

ఇన్ని చేస్తే 2019కి సగటు 163కి దిగింది. నలభై నాలుగేళ్ళ శ్రమ, బోలెడు డబ్బు. మర్నాడే అన్నట్టు 2020లో అది 107కి పడిపోయింది. కొత్తగా ఒక్క పట్టా వెయ్యలేదు. కరోనా భయంతో ఆఫీసులు "ఇంటినుంచే చేసుకోండి" అన్నాయి, అంతే. నర్సులు, వంటవాళ్ళు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు మాత్రం రోజూ వెళ్ళాల్సే వచ్చింది. వాళ్ళకి మొదటిసారి ఊపిరాడే రైలు దొరికింది.

2023కి మళ్ళీ 136. కంపెనీలు మమ్మల్ని వెనక్కి పిలుస్తున్నాయి. సర్వరు మీద లోడంతా ఒకే గంటలో పడుతుంటే ముందు షెడ్యూలు మార్చి చూస్తాం, తర్వాతే కొత్త మెషీన్లు కొంటాం. ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని కోసం తొమ్మిదింటికి సీట్లో ఉండాలనే మేనేజరుకి గ్లౌజులుండవు గానీ, ప్లాట్‌ఫారమ్మీద జనాన్ని వెనకనుంచి తోసేవాడు ఇప్పుడు ఆయనే.