యంత్రాభ్యసనము సామాన్యుల చేతికి వచ్చిన విధము

ఏ విద్యయైనను కొలదిమంది చేతులలోనే యున్నంతకాలము దానివలని మేలును కొలదిమందికే దక్కును. కంప్యూటరుకు నేర్పు విద్య, అనగా యంత్రాభ్యసనము, మొన్నమొన్నటి వఱకు నిట్టిదిగనే యుండెను. ఆ విద్యయందు ప్రత్యేక పరిశ్రమ చేయని సామాన్య ప్రోగ్రాము రచయితకు అది యెట్లు చేరువయ్యెనో, చేరువైన పిమ్మట నేమి మిగిలెనో యిచ్చట విచారింప దలచితిమి.

నియమములను మనము వ్రాసి యియ్యక, గడచిన యుదాహరణములను కంప్యూటరు ముందుంచి, నియమమును దానిచేతనే కనిపెట్టించుట యంత్రాభ్యసనము. వినుటకు సులభమే. చేయబూనిన వానికి మొదటి చిక్కు పద్ధతి నెన్నుకొనుట. పద్ధతులు పదులకొలది, ప్రతి పద్ధతికిని ముందుగ బిగింపవలసిన మరలవంటి సంఖ్యలు మఱికొన్ని. ఏ మర యెంత త్రిప్పవలయునో అనుభవజ్ఞునికే తెలియును. అతడును నిజమునకు పలుమాఱులు పరీక్షించియే తెలిసికొనును. ఆ మాట యొప్పుకొనువారు తక్కువ.

ఈ యెన్నికను శాస్త్ర ప్రశ్నగ నిలిపినది 1976లో జాన్ రైస్ వ్రాసిన వ్యాసము. సమస్య లక్షణములనుబట్టి దానికి తగిన పద్ధతిని నిర్ణయించుట యెట్లని ఆయన విచారించెను. 1997లో వోల్పర్ట్, మెక్రెడీ యనువారు, సాధ్యమైన సమస్యలన్నిటిని కలిపి చూచినచో ఏ వెదకు పద్ధతియు వేఱొకదానికంటె మేలు కాదని గణితముచే నిరూపించిరి. సర్వరోగములకును ఒకే మందు లేదన్నమాట. కావున ఏ సమస్యకా సమస్య వెదకుకొనుట తప్పదు. అయిన, వెదకువాడు మనుష్యుడే కావలయునా?

అక్కఱలేదని చూపిన వారిలో కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమువారు ముఖ్యులు. న్యూజీలాండులోని వైకాటో విశ్వవిద్యాలయమువారు అందఱికిని ఉచితముగ నొసంగిన వెకా యను సాధనమును వీరు తీసికొని, అందలి 27 మూలపద్ధతులను, వానిని కలిపి వాడు విధములను, వాని మరలన్నిటిని ఒకే వెదకుడుగ మార్చి, 2013లో ఆటో-వెకాను వెలువరించిరి. ఇది గ్రుడ్డిగ వెదకదు. ఒక కూర్పును పరీక్షించి, ఫలితమును జ్ఞాపకముంచుకొని, మేలైనది యిక నెచ్చట నుండునో యూహించి, తరువాతి పరీక్ష నచ్చట చేయును. ఒక బావిలో పడిన నీటినిబట్టి రెండవ బావికి చోటు చూచుకొను రైతు చేయునదియు నిదియే.

2015లో జర్మనీలోని ఫ్రైబుర్గువారి ఆటో-స్కెలెర్న్, పూర్వము 140 దత్తాంశములపై గడించిన యనుభవమును ముందే సంప్రదించి వెదకుట మొదలిడెను. 2018లో గూగుల్ సంస్థ బొమ్మల గుర్తింపునకు ఇట్టి సేవ నారంభించెను. 2019లో మైక్రోసాఫ్టువారి ఎమ్.ఎల్. డాట్‌నెట్‌తో, సీ-షార్పు భాషలో వ్రాయువారు తమ భాషను విడువకయే యీ పని చేయగల్గిరి. దీనిని మేము నిస్సందేహముగ మేలుగనే యెంచుచున్నాము.

అయినను ఒక వృత్తాంతము మమ్ము కలవరపఱచుచున్నది. 1990 ప్రాంతపు దశకములో అమెరికాలో, న్యుమోనియా రోగులలో ఎవరికి ప్రాణాపాయ మెక్కువయో కనిపెట్టుటకు పలు పద్ధతులను పోల్చిరి. అపాయము తక్కువగల వారిని ఇంటికి పంపవచ్చునని తలంపు. వానిలో ఒక పద్ధతి, ఉబ్బసముగల రోగులకు అపాయము తక్కువ యను నియమమును నేర్చెను! కారణ మేమనగా, అట్టి రోగులను వైద్యులు భయపడి తిన్నగ ఇంటెన్సివ్ కేర్ విభాగమునకే పంపుచుండిరి. ఆ శ్రద్ధవలన వారు బ్రతికిరి. దత్తాంశమున బ్రతుకు కానవచ్చెను గాని శ్రద్ధ కానరాలేదు. అన్నిటికంటె సరిగ లెక్క చెప్పిన న్యూరల్ నెట్‌వర్కు లోపల నేమి నేర్చెనో చూడ వీలులేనందున, దానిని రోగులపై వాడుట కూడదని నిశ్చయించిరి.

వెదకు యంత్రమైనచో దేని నెన్నుకొనియుండును? ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నదానినే. పరీక్షకు తీసిన రోగులును ఆ యాసుపత్రుల వారే యగుటచే, ఉబ్బసపు నియమము పరీక్షలో తప్పుగ తేలదు. ఒప్పుగనే లెక్కకు వచ్చును. ఎన్ని వేల కూర్పులు పరీక్షించినను ఈ దోషము బయటపడదు.

2015లో రిచ్ కరువానా, సహచరులును ఆ దత్తాంశమునకే, ఒక్కొక్క లక్షణపు ప్రభావమును వేర్వేఱుగ గీత గీసి చూపు నమూనాను కట్టిరి. ఖచ్చితత్వమున నది మేటివానికి ఇంచుమించు సాటివచ్చెను. ఉబ్బసపు ప్రభావము అందు ఎవరైనను చదువదగినట్లు బయటపడెను. వైద్యుడు దానిని చూచి, ఆ యొక్క భాగమును సవరింపవచ్చును, లేదా తీసివేయవచ్చును.