బొగ్గుబాయి నుంచి తెల్లకార్డు దాకా

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆరోగ్య బీమా చరిత్ర కూలి లెక్కతో మొదలవుతుంది. కార్మికుని జీతంలో కొంత, యజమాని వాటాగా మరికొంత జమచేసి, ఆ నిధితో కార్మిక కుటుంబానికి వైద్యం చేయించే ఏర్పాటును 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టం తెచ్చింది. జనం దీన్ని ఈఎస్ఐ అంటారు. అయితే గనుల చట్టం కిందికి వచ్చే గనిని ఆ చట్టం ‘కర్మాగారం’ అనే నిర్వచనంలో చేర్చలేదు. అందువల్ల కాగజ్‌నగర్ కాగితపు మిల్లు కార్మికులకు ఈఎస్ఐ వైద్యం దక్కగా, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుబాయి కార్మికులు సింగరేణి సంస్థ సొంత ఆసుపత్రులకు వెళ్లారు. దారులు రెండైనా రెండింటిలోనూ వైద్యపు హక్కు కొలువును అంటిపెట్టుకునే ఉంది. 2014లో మిల్లులో ఉత్పత్తి ఆగిపోయి 2018 దాకా మిల్లు తిరిగి తెరుచుకోనప్పుడు, జీతం మీద ఆధారపడిన బీమా ఎంత బలహీనమైనదో ఆ ఊరు అనుభవించింది.

ఇంటి గడప దగ్గర కూర్చొని బీడీలు చుట్టే సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల స్త్రీలకు కర్మాగారమే లేదు. వారి కోసం 1976 నాటి చట్టాల కింద కేంద్రం బీడీలపై సెస్సు, అంటే ప్రత్యేక సుంకం, విధించి, దానితో సంక్షేమ నిధిని నెలకొల్పి, గుర్తింపు కార్డు ఉన్నవారికి దవాఖానలు తెరిచింది.

కొలువుతో పనిలేకుండా పేదరికమే అర్హతగా వచ్చిన మొదటి పెద్ద పథకం ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో మొదలై 2008 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించిన ఈ పథకం, పేదలకిచ్చే తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 1.5 లక్షల రూపాయల వరకు, అవసరమైతే మరో 50 వేల వరకు శస్త్రచికిత్సల ఖర్చు భరించింది. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకోవాల్సిన కుటుంబాలకు అది నిజమైన ఆసరా, దాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. అయినా దాని లెక్క కట్టే తీరును నర్సుల వైపు నుంచి చూడాలి. ఒక్కో చికిత్సకు ‘ప్యాకేజీ’ పేరుతో ముందే ఒక మొత్తం నిర్ణయిస్తారు. పరీక్షలు, ఆపరేషన్, మందులు, పడక, భోజనం అన్నీ అందులోనే. రాత్రంతా రోగి నాడి చూస్తూ, కట్టు మారుస్తూ, భయపడిన బంధువులకు ధైర్యం చెప్పే నర్సు శ్రమకు అందులో విడిగా ధర లేదు. ప్యాకేజీ మొత్తం పెరగనప్పుడు ఆసుపత్రి యాజమాన్యం పొదుపు చేయగలిగేది మనుషుల దగ్గరే కనుక, ఒక నర్సుకు అప్పగించే పడకల సంఖ్య పెరగడానికి ఈ పద్ధతిలోనే వీలుంది. పైగా బిల్లు మంజూరు కావాలంటే కేస్‌షీటు సక్రమంగా ఉండాలి, కాబట్టి మంచం పక్కన గడపవలసిన సమయంలో కొంత కాగితాలకు పోతుంది. ఆసుపత్రిలో కార్డు, అనుమతుల పని చూసే ఆరోగ్యమిత్ర వేరే ఉన్నా, నర్సు రాసే నమోదులను ఆయన రాయలేడు.

పథకం తొలి జాబితా మలేరియా, క్షయ, అతిసారం వంటి వ్యాధులను జాతీయ కార్యక్రమాలు చూసుకుంటాయన్న కారణంతో పక్కన పెట్టింది. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి గూడేల్లోని గోండు, కొలాం కుటుంబాలను వానాకాలంలో కుదిపేసేవి సరిగ్గా ఆ వ్యాధులే. వాటి భారం ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే ఏఎన్ఎం, అంటే ప్రసవాలు, టీకాలు, జ్వరాలు చూసే సహాయ నర్సు, మీద మిగిలింది. వాగులు దాటి గూడేనికి చేరి, జ్వరపీడితుని వేలి నుంచి రక్తపు చుక్క తీసి గాజు పలక మీద పూసే ఆమె పనికి ప్యాకేజీ లేదు, క్లెయిము లేదు. 2005 తర్వాత జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఉపకేంద్రాల్లో అదనంగా చేరిన రెండో ఏఎన్ఎంలు కాంట్రాక్టు జీతంపైనే ఏళ్ల తరబడి కొనసాగి, 2023లో క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మెకు దిగారు. మరోవైపు, అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది.