నోరు విప్పని వీరుడు

యుద్ధములు ముగిసిన పిదప వీరగాథలు వెలువడుట సహజము. వానిలో కల్పించినవి కొన్ని, కన్నవారు చెప్పినవి కొన్ని. కల్పన కల్పనగానే వచ్చినచో దోషము లేదు. చరిత్ర యను ముద్ర వేసికొని వచ్చినపుడే చిక్కు. అట్టి గ్రంథమొకటి రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా, కెనడా దేశములలో గొప్ప సంచలనము కలిగించెను.

1953లో రాండమ్ హౌస్ అను అమెరికా ప్రచురణ సంస్థ “నోరు విప్పని మనిషి” అను అర్థము వచ్చు శీర్షికతో ఒక పుస్తకమును ప్రకటించెను. రచయిత క్వెంటిన్ రేనాల్డ్స్, యుద్ధ విలేఖరిగా పేరు మోసినవాడు. కథానాయకుడు కెనడాలోని కాల్గరీ నగరవాసి జార్జి డ్యూప్రే. తాను బ్రిటిషు గూఢచారిగా ఫ్రాన్సులో ప్రవేశించి, తెలివిమాలినవానివలె నటించుచు ప్రతిఘటనోద్యమమునకు తోడ్పడితిననియు, గెస్టపోవారికి చిక్కి ఘోరహింసల పాలైనను ఒక్క రహస్యమైనను బయటపెట్టలేదనియు అతడు చెప్పెను. దైవవిశ్వాసమే తనకా ధైర్యము నొసగినదనెను. రీడర్స్ డైజెస్ట్ పత్రిక ఆ కథాసంగ్రహమును ప్రచురించెను.

ఆ సంవత్సరము నవంబరులోనే గుట్టు రట్టయ్యెను. కాల్గరీ హెరాల్డ్ పత్రికా విలేఖరి డగ్ కాలిన్స్ స్వయముగా యుద్ధములో పాల్గొని, శత్రువుల చెరనుండి తప్పించుకొనిన అనుభవము గలవాడు. అతడు సంభాషణ మధ్యమున లేని అధికారుల పేర్లు కల్పించి పలుకగా, డ్యూప్రే వారిని తానెరుగుదుననెను! ఫ్రాన్సులో నుంటిననిన కాలమున అతడు వేరొకచోట నున్నట్లు తెలుపు ఛాయాచిత్రము గూడ లభించెను. నిలదీయగా డ్యూప్రే తన కథ కట్టుకథయని ఒప్పుకొనెను. అతడు కెనడా వైమానిక దళములో పనిచేసిన మాట నిజమే. ఫ్రాన్సు కథ మాత్రము అబద్ధము. ప్రచురణకర్త బెన్నెట్ సెర్ఫ్ ఆ పుస్తకమును కల్పనాసాహిత్యములో చేర్చి, దాని పేరు “అతిగా మాటలాడిన మనిషి”గా మార్చవలెనని పరిహసించెను.

ఇంతమంది విజ్ఞులు ఎట్లు మోసపోయిరి? గూఢచారి పని రహస్యము. దాని కాగితములు అందరికిని అందవు. ఆధారము లేకుండుటయే ఇచట ఆధారమువలె తోచెను. రచయిత డ్యూప్రేను నమ్మెను. ప్రచురణకర్త రచయితను నమ్మెను. పాఠకులు ఇరువురిని నమ్మిరి. ఆ నమ్మకపు మేడ యంతయు ఒక్కని నోటిమాటపై నిలిచియుండెను.

నిజముగా నోరు విప్పనివారు లేకపోలేదు. టిప్పు సుల్తాను వంశమునకు చెందిన నూర్ ఇనాయత్ ఖాన్ 1943లో బ్రిటిషువారి పక్షమున పారిస్ నగరములో రహస్యముగా వైర్లెస్ నడపెను. శత్రువులకు చిక్కి, 1944 సెప్టెంబరు 13న డఖావ్ నిర్బంధశిబిరమున హతురాలయ్యెను. విచారణలో ఆమె ఏమియు చెప్పలేదని యుద్ధానంతరము సాక్ష్యమిచ్చినవాడు, ఆమెను చెరబట్టిన జర్మను అధికారియే. 1949లో ఆమెకు జార్జి క్రాస్ లభించెను. ఆమె తన సందేశముల ప్రతులను పుస్తకమున వ్రాసి దాచుకొనుటయు, అవి శత్రువుల చేతబడి వారికి ఉపకరించుటయు గూడ చరిత్ర దాచలేదు. కట్టుకథలోని వీరునకు పొరపాటు లుండవు; నిజమైన వీరులకు ఉండును. అందువలన వారి శౌర్యమునకు కొరతయు రాదు.

కావున యుద్ధస్మృతులు చదువునపుడు, ఎంత సాహసము చేసెనని కాక, ఎవరు చూచిరి, ఏ దినమున, ఏ దళముతో అని అడుగుట మేలు. ఇట్లడుగుట వీరులను అవమానించుట కాదు. దొంగసాక్ష్యము బయటపడిన పిదప లోకము నిజమైన సాక్షిని గూడ శంకించును. తిరిగివచ్చి తమ కథను చెప్పుకొనలేనివారికి మనము చేయగల న్యాయము, వారి స్థానమును మాటకారుల కీయకుండుటయే.