కథాచిత్రాల్లో కూర్పు

పురాణం, చరిత్ర, జాతక కథ, జానపద గాథ మొదలైన వాటిలోని ఘట్టాన్ని చూపే చిత్రం కథాచిత్రం. అందులో పాత్రలను, వస్తువులను, ఖాళీ స్థలాన్ని, వెలుగునీడలను, రంగులను కథ బోధపడేలా అమర్చడాన్ని కూర్పు అంటారు. కథ కాలంలో నడుస్తుంది, చిత్రం కదలదు. కాబట్టి చిత్రకారుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది కాలాన్ని ఎలా చూపాలన్నది. పాత్రల సంఖ్య, పరిమాణం, రంగుల ఎంపిక ఆ నిర్ణయాన్ని బట్టే ఉంటాయి. ఆంధ్రదేశంలో శిల్పులు, కలంకారీ పనివారు, పత్రికా చిత్రకారులు ఈ సమస్యను వేర్వేరు మార్గాల్లో పరిష్కరించగా, వీటిలో పత్రికా చిత్రకళతో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలున్న కృష్ణా డెల్టాకు దగ్గరి సంబంధం ఉంది.

కాల నిర్ణయం

కాలాన్ని చూపడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఏకక్షణ పద్ధతి: ఒకే క్షణాన్ని ఎన్నుకుని, జరిగినదాన్నీ జరగబోయేదాన్నీ ఆ క్షణంలోనే స్ఫురింపజేయడం. జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ 1766లో వెలువడిన ‘లావొకోన్’లో, చిత్రకారుడు పరాకాష్ఠను కాక, చూపరి ఊహకు చోటిచ్చే క్షణాన్ని ఎన్నుకోవాలని వాదించాడు. రెండవది నిరంతర కథనం: ఒకే చట్రంలో ఒకే పాత్రను రెండు మూడు చోట్ల చూపుతూ కథను నడిపించడం.

రెండవ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమరావతి స్తూపం నుంచి మద్రాసు మ్యూజియానికి చేరిన నలగిరి పతకశిల్పం. ఇది చిత్రం కాకపోయినా, కూర్పును అధ్యయనం చేసేవారికి పాఠం వంటిది. మదమెక్కి వీధిలో మనుషులను తొక్కుతున్న నలగిరి అనే ఏనుగు ఒక పక్క, అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లడం మరొక పక్క ఉండగా, భయంతో ఒదిగిన జనమూ, మేడల మీద నుంచి తొంగిచూస్తున్నవారూ చూపును మొదటి ఘట్టం నుంచి రెండవదానికి నడిపిస్తారు. రెండు ఘట్టాల నడుమ గీత ఏదీ లేదు. గుండ్రని అంచే రెండింటినీ కలిపి ఉంచుతుంది.

స్థల విభజన

కథ పొడవైనదైతే తలాన్ని అరలుగా విభజించడం పరిపాటి. 16వ శతాబ్దపు లేపాక్షి దేవాలయ కప్పుపై కిరాతార్జునీయం వంటి కథలు పొడవాటి పట్టీలలో సాగుతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో ప్రధాన ఘట్టం నడుమ పెద్దదిగా ఉండి, మిగిలిన కథ చుట్టూ చిన్న అరలలో నడుస్తుంది. అరల కింద తెలుగులో రాత కూడా ఉంటుంది. తెలంగాణలోని చేర్యాల పటాలను కథకులు పాడుతూ కొద్దికొద్దిగా విప్పుతారు కనుక, ఏ అర ఎప్పుడు కనబడాలన్నది కూడా కూర్పులో భాగమే అవుతుంది.

తెనాలి సంబంధం

1947 జూలైలో మద్రాసులో మొదలైన ‘చందమామ’ పత్రికకు రూపకల్పన చేసిన చక్రపాణి, 1952 నుంచి 1980 వరకు దాని సంపాదకత్వం నెరపిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలివారే. కథ నిండా బొమ్మలుండే ఆ పత్రికలో వాక్యం చెప్పేదేమిటి, బొమ్మ చెప్పేదేమిటి అన్న విభజన తప్పనిసరి అయింది. మాటల్లో ఒక్క ముక్కలో తేలిపోయే వేషధారణలు, కోటలు, అడవులు బొమ్మకు దక్కాయి. మనసులోని ఆలోచన, కాల వ్యవధి వాక్యానికి మిగిలాయి. చిత్ర, శంకర్ వంటి చిత్రకారులు ఈ పరిధిలోనే పనిచేశారు. కత్తి చేతబట్టి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుని శంకర్ బొమ్మ ఏకక్షణ పద్ధతికి చక్కని నమూనా: శవం ఎక్కడి నుంచి వచ్చిందో, అడుగు ఎటు పడుతోందో ఆ ఒక్క భంగిమలోనే తెలుస్తాయి. ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్యది వేరే దారి. పక్కన వాక్యం లేకపోవడంతో కథను పాత్ర నిలుచున్న తీరు, ఆభరణాలు, రంగులే మోయవలసి వచ్చింది.

అదే డెల్టా ప్రాంతంలో, పొన్నూరు సమీపంలోని బ్రాహ్మణకోడూరులో పుట్టిన చిత్రకారుడు, కథకుడు మాధవపెద్ది గోఖలే ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) సినిమాలకు కళాదర్శకుడిగా పనిచేశాడు. కళాదర్శకుని పనిలోనూ పాత్ర ఎక్కడ నిలవాలి, దాని వెనుక ఏముండాలి అన్నవే ప్రశ్నలు. అయితే తెరపై కెమెరా కదిలి చూపగలిగినదాన్ని చిత్రకారుడు ఒకే తలంపై సమకూర్చాలి.

తయారీ దశలు

మొదట కథను చదివి, ఘట్టాన్ని ఎన్నుకుని, అరచేతి ప్రమాణంలో అనేక రఫ్ స్కెచ్‌లు గీస్తారు. వివరాలు లేని ఈ ముతక గీతల్లో ప్రధాన పాత్ర స్థానం, చూపుల దిశ, ఖాళీల పంపకం తేలతాయి. పాత్రల సంఖ్యకు హద్దు ఈ దశలోనే పెట్టుకుంటారు. 1435లో చిత్రలేఖనంపై గ్రంథం రాసిన ఇటలీ పండితుడు ఆల్బెర్టి, తొమ్మిది పది మందితో చెప్పలేని కథ ఉండదన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. తరువాత నలుపు, తెలుపు, బూడిద రంగులతోనే వెలుగునీడల నమూనా చేసి, దూరం నుంచి చూసినా ప్రధాన పాత్ర విడిగా కనబడుతుందో లేదో పరీక్షిస్తారు. ఆపైన భంగిమలను, చేతులను, వస్త్రాల మడతలను విడివిడిగా గీసి, ఖరారైన స్కెచ్‌పై గళ్లు కొట్టి, అదే నిష్పత్తిలో పెద్ద తలంపైకి ఎక్కిస్తారు. కలంకారీలో మాత్రం చింతబరికెల బొగ్గుతో బట్టపైనే నేరుగా గీస్తారు. బొగ్గు గీతను దులిపి సవరించవచ్చు కానీ కలంతో పెట్టిన నల్లగీత చెరగదు. కాబట్టి కూర్పులో మార్పుచేర్పులన్నీ ఆ గీతకు ముందే పూర్తికావాలి.