కరువు సీమ పొగబండి

మీటరుగేజి పొగబండిని మా రాయలసీమకు తెచ్చింది కరువే. 1876–78 నాటి ధాత కరువులో బళ్లారి జిల్లాలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. అనంతపురం అప్పటికి ఆ జిల్లాలోనే ఉంది, 1882లో గానీ వేరుపడలేదు. గింజ ఉన్నచోటి నుంచి లేనిచోటికి చేర్చేందుకు రైళ్లు వేయాలని ఆ తర్వాత వచ్చిన కరువు కమిషను గట్టిగా చెప్పింది. మద్రాసు–బొంబాయి బ్రాడ్‌గేజి పెద్ద లైను 1871 నుంచే గుత్తి మీదుగా నడుస్తోంది. కరువు తర్వాత గుంతకల్లు నుంచి మీటరుగేజి లైన్లు వేశారు, వాటిని సదరన్ మరాఠా కంపెనీ నడిపింది. ఒకటి నల్లమల దాటి కృష్ణ వైపు, ఒకటి బళ్లారి, హుబ్బళ్లి మీదుగా గోవా రేవు వైపు, ఇంకొకటి 1893 నాటికి ధర్మవరం, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దుకు.

కరువు తీర్చడానికి వచ్చిన ఈ ఇంజనుకు కావలసింది నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల మాది. తర్వాతి కాలపు వైజీ అనే మీటరుగేజి ఇంజను టెండరులో పట్టేవి దాదాపు 3,000 గ్యాలన్లు. అవి అయిపోకముందే మరో స్టేషన్లో నీళ్లు పట్టాలి. ఉప్పునీళ్లు పోస్తే బాయిలరు లోపల సున్నం పొర కడుతుంది. అందుకే ఇంజను షెడ్డులో బాయిలరు కడిగే వాషౌట్ అనేది ఎడతెగని పని. ఫైర్‌మన్ ఒక కన్ను మంట మీద, ఒక కన్ను గాజుగొట్టంలోని నీటిమట్టం మీద ఉంచేవాడు. మట్టం మరీ దిగిపోతే మంటపెట్టె పైకప్పులోని సీసపు బిరడా కరిగి, ఆవిరి మంట మీదికి దూకేది. అంతటితో బండి ఆగినట్టే, ఆ సిబ్బందికి సంజాయిషీలు తప్పనట్టే. చుక్క నీటి విలువ తెలిసిన సీమలో నీళ్లు కాచే ఉద్యోగం చేశారు వాళ్లు.

గుంతకల్లు బతుకంతా అక్కడి ఇంజను షెడ్డు చుట్టూ తిరిగేది. అర్ధరాత్రి కాల్‌బాయ్ తలుపు తట్టి డ్యూటీకి లేపేవాడు. చల్లారిన ఇంజనుకు ఆవిరి ఎక్కించాలంటే గంటల పని, కాబట్టి మంట వేసేవాళ్లు అంతకంటే ముందే లేవాలి. మీటరుగేజి చిన్న లైను సరుకు పెద్ద లైను వ్యాగన్లకు ఎక్కాలంటే హమాలీల వీపు మీదుగానే ఎక్కాలి. ఈ స్టేషన్ గేటు కాసిన గూళపాళ్యం హంపన్నను కూడా ఇక్కడే తలుచుకోవాలి. 1893 అక్టోబరులో తెల్ల సోల్జర్లు తరిమిన ఇద్దరు ఆడవాళ్లకు తన గేటు గదిలో చోటిచ్చాడు, అడ్డు నిలిచి తూటా తిని చనిపోయాడు. గుత్తి వకీలు కేశవపిళ్లె ఎంత పోరాడినా మద్రాసు హైకోర్టులో ముద్దాయి విడుదలయ్యాడు. రైలు చరిత్ర రాసేవాళ్లు కంపెనీల పేర్లు రాస్తారు. నాకైతే గుంతకల్లు అంటే ముందు హంపన్నే.

పతనం ఒక్కనాడు రాలేదు. 1972లో చిత్తరంజన్‌లో ఆఖరి వైజీ తయారైంది. గుత్తిలో డీజిల్ షెడ్డు పెరిగింది. 1980లలో బెంగళూరు లైను పెద్దదైంది, 1990లలో హుబ్బళ్లి, గుంటూరు దారులు. కదిరి మీదుగా పోయే ధర్మవరం–పాకాల ఒక్కటే చాలాకాలం చిన్నగా మిగిలి, 2010లో అదీ బ్రాడ్‌గేజి అయింది. పెద్ద లైను వద్దని నేను అనను. పంట ఎండిన ఏడు మా రైతు పనికోసం బెంగళూరికి ఎక్కేది ఆ బండే. కానీ ఇక్కడ ఒక ఇంజనునైనా వేడిగా, కదిలేటట్టు ఉంచుకోవాలని ఎవరికీ తోచకపోవడం నాకు మింగుడుపడదు. పనికిరానిదని తేల్చాక ఇనుమును తూకానికి అమ్మవచ్చు. దాన్ని నడిపే విద్యకు కొనేవాడు కూడా లేకపోయాడు.

వేడిగా కదిలే ఆవిరి ఇంజనును కళ్లారా చూడాలంటే హర్యానాలోని రేవాడికి పోవాలి. అక్కడి షెడ్డు కట్టింది కూడా 1893లోనే. మీటరుగేజి బండ్లకు నెలవుగా ఉండి, మూతపడి, 2002లో ఆవిరి ఇంజన్ల కోసమే మళ్లీ తెరుచుకుంది. అక్కడి వైజీ పక్కన నిలబడితే ముందు తగిలేది వేడి, తర్వాత నూనె కాగిన వాసన. సిలిండరు కింద ఆవిరి బుస్సుమని చిమ్మి, కడ్డీలు మెల్లగా కదిలి, చక్రం ఒక్క తిప్పు తిరిగింది. చుట్టూ పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఇదే జాతి ఇంజను మా నేల మీద కూత వేసింది. దీన్ని కడిగి, కాచి, నడిపినవాళ్లు మా ఊళ్లవాళ్లు.

వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు, డెబ్బైలు, ఎనభైలు దాటినవాళ్లు. ఏ స్టేషన్ నీళ్లు మంచివో, ఏ ఎక్కుడులో బొగ్గు ఎట్లా చల్లాలో, కూత విని ఇంజనును ఎట్లా గుర్తుపట్టాలో వాళ్ల నోట ఉంది. ఎవరైనా గుంతకల్లు పోయి, వాళ్ల పక్కన కూర్చుని, అంతా రాసుకోవాలి. వచ్చే ఎండాకాలం దాకా ఆగకుండా పోవాలి.