జాంజిబార్ కుర్రాడు, ఇరవై ఒక్క నిమిషాలు

మస్కట్‌లో కొత్తగా దిగిన తెలుగువాణ్ణి ఆశ్చర్యపరిచేది ఎండ కాదు. రెంటచింతల, రామగుండం చూసిన వాళ్ళం, మనకు ఎండ కొత్తా? నన్ను ఆశ్చర్యపరిచింది భాష. తెల్లటి దిష్‌దాషా, తలమీద కుట్టుపని చేసిన కుమ్మా టోపీ, చూస్తే అచ్చమైన ఒమానీలు. ఆఫీసు క్యాంటీన్‌లో నలుగురు చేరితే మాత్రం మాట్లాడుకునేది అరబ్బీ కాదు, స్వాహిలీ! ఆఫ్రికా భాష వీళ్ళ ఇళ్ళలోకి ఎలా వచ్చిందని అడిగితే అందరూ ఒకటే మాట చెప్తారు: "మేం జాంజిబార్ వాళ్ళం."

ఇప్పుడు చెప్పబోయేది ఒక రాక్ కాన్సర్టు గురించి. లండన్‌లో జరిగింది, 1985లో. మధ్యలో ఈ జాంజిబార్ ఎందుకు అంటారా? ఆ రాత్రి స్టేజీ మీద ఉన్నవాడూ, కింద జనంలో నిలబడ్డ మా ఆఫీసు పెద్దాయనా ఇద్దరూ అక్కడి నుంచి వెళ్ళగొట్టబడ్డవాళ్ళే. కాబట్టి ముందు ఆ ద్వీపం కథ.

జాంజిబార్ తూర్పు ఆఫ్రికా తీరానికి కాస్త దూరంలో ఉన్న చిన్న ద్వీపం. చలికాలంలో ఈశాన్యపు గాలి పట్టుకుని ఒమాన్ తెరచాప ఓడలు అక్కడికి వెళ్ళేవి, నైరుతి గాలి మొదలయ్యాక తిరిగొచ్చేవి. 1698లో ఒమానీలు మొంబాసా కోట నుంచి పోర్చుగీసు వాళ్ళను తరిమేశాక ఆ తీరమంతా వీళ్ళ చేతికి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో సయ్యద్ సయీద్ అనే సుల్తాను ఏకంగా తన కాపురాన్నీ, దర్బారునూ మస్కట్ నుంచి జాంజిబార్‌కు మార్చేశాడు. రాళ్ళూ ఎండా తప్ప ఏమీ లేని చోట నుంచి పచ్చటి లవంగం తోటల్లోకి వెళ్ళిన మనిషి మళ్ళీ ఎందుకు వెనక్కి వస్తాడు?

ఆ తోటల్లో పనిచేసింది మాత్రం బానిసలు. ఈ ముక్క దాటేసి జాంజిబార్ వైభవం గురించి రాయడం నాకిష్టం లేదు. అక్కడి బానిసల సంత 1873 దాకా నడిచింది. వ్యాపారంలో మన దేశం వాళ్ళూ తక్కువేం కాదు. కచ్ నుంచి వచ్చిన జైరామ్ శివ్‌జీ కంపెనీ జాంజిబార్ రేవులో సుంకాలు వసూలు చేసే గుత్త పట్టి, సుల్తానుకే అప్పులిచ్చేంత ఎదిగింది.

సయీద్ 1856లో పోయాడు. కొడుకుల మధ్య తగువు. తీర్పు చెప్పింది ఎవరనుకున్నారు? మన దేశంలో కూర్చున్న బ్రిటిష్ వైస్రాయి, లార్డ్ కానింగ్. 1861లో మస్కట్ ఒక కొడుక్కి, జాంజిబార్ ఇంకో కొడుక్కి అని రాసేశాడు. జాంజిబార్ వాడు ధనవంతుడు గనక మస్కట్ వాడికి ఏటా 40,000 వెండి డాలర్లు ఇవ్వాలట. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దమనిషి భరణం కట్టించినట్టు! 1890లో జాంజిబార్ ఇంగ్లీషు వాళ్ళ రక్షణలోకి పోయింది. సుల్తాను మిగిలాడు, పెత్తనం వాళ్ళది.

పెత్తనం ఉన్నచోట గుమాస్తాలు కావాలి. అలా గుజరాత్ వైపు నుంచి వచ్చిన ఒక పార్సీ, బోమీ బుల్సారా, జాంజిబార్ హైకోర్టులో క్యాషియరు. ఆయనకు 1946 సెప్టెంబర్ 5న ఊళ్ళోని సర్కారు ఆసుపత్రిలో కొడుకు పుట్టాడు. పేరు ఫరూఖ్. ఎనిమిదేళ్ళ వయసులో పిల్లాణ్ణి ఓడెక్కించి మహారాష్ట్రలోని పంచగని బోర్డింగ్ స్కూలుకు పంపారు. అక్కడ పియానో నేర్చుకున్నాడు, తోటి పిల్లలతో 'ది హెక్టిక్స్' అని బ్యాండ్ పెట్టాడు, స్నేహితులు 'ఫ్రెడ్డీ' అంటే ఆ పేరే తగిలించుకున్నాడు. 1963లో మళ్ళీ జాంజిబార్ ఇంటికి వచ్చాడు.

వచ్చిన వేళ అలాంటిది. 1963 డిసెంబర్ 10న జాంజిబార్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. సరిగ్గా 33 రోజులకు, 1964 జనవరి 12న, విప్లవం. తరాలుగా అణిగి ఉన్న నల్లవాళ్ళ కోపం ఒక్కసారిగా బద్దలైంది. వేల మంది అరబ్బులు, వాళ్ళతో పాటు భారతీయులు చచ్చిపోయారు. ఎంతమందన్నది ఇప్పటికీ వాదనే. దొరికిన ఓడ దొరికినట్టు ఎక్కి పారిపోయారు మిగిలినవాళ్ళు. ఆఖరి సుల్తాను జంషీద్ ఇంగ్లండు చేరి పోర్ట్స్‌మత్‌లో మామూలు మనిషిలా యాభై ఏళ్ళకు పైగా బతికాడు. 2020లో గానీ ఆయన్ని ఒమాన్‌కు రానివ్వలేదు. 2024 డిసెంబర్‌లో మస్కట్‌లోనే పోయారు. బుల్సారా కుటుంబం కూడా 1964లోనే లండన్ చేరి, హీత్రో విమానాశ్రయం దగ్గర ఫెల్తమ్ అనే పేటలో ఒక చిన్న ఇంట్లో దిగింది. ఫ్రెడ్డీ ఆ విమానాశ్రయంలోనే కొన్నాళ్ళు సామాన్లు మోశాడు.

1970లో రెండు సంగతులు జరిగాయి. జులై 23న మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ తండ్రిని దించి గద్దె ఎక్కాడు. దేశంలో చెప్పుకోదగ్గ రోడ్డు లేదు, బడులు మూడంటే మూడు. చదువుకున్న ఒమానీలు ఎక్కడున్నా రండి, దేశం కడదాం అని పిలిచాడు. జాంజిబార్ నుంచి చెదిరిపోయినవాళ్ళు అలా ఒమాన్‌కు చేరారు, స్వాహిలీని వెంటపెట్టుకుని. అదే ఏడాది లండన్‌లో ఫరూఖ్ బుల్సారా ఒక బ్యాండ్‌లో చేరి దానికి 'క్వీన్' అని పేరు పెట్టాడు, తన ఇంటిపేరు తీసేసి 'మెర్క్యురీ' అని పెట్టుకున్నాడు.

ఇక మా పెద్దాయన సంగతి. నేను మస్కట్ వచ్చేసరికి మా ప్రాజెక్టులో క్లయింటు వైపు ఆయనే అందరికీ పెద్ద. ఇప్పుడు రిటైరయ్యారు. పుట్టింది జాంజిబార్ రాతి పేటలో, పారిపోయేటప్పుడు రెండేళ్ళవాడు. కొన్నాళ్ళు మొంబాసాలో బంధువులింట ఉండి, 1973లో మస్కట్ వచ్చారట. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద లండన్‌లో ఇంజనీరింగ్. ఒకసారి నిజ్వా నుంచి కారులో తిరిగి వస్తూ రేడియోలో ఏదో పాట వస్తే ఆయనే మొదలుపెట్టారు.

"నేను వెంబ్లీలో ఉన్నాను తెలుసా, లైవ్ ఎయిడ్ రోజున?"

లైవ్ ఎయిడ్ గురించి తెలియనివారికి: ఇథియోపియా కరువు కోసం డబ్బు పోగుచెయ్యడానికి బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ కలిసి 1985 జులై 13న పెట్టిన కాన్సర్టు. ఒకే రోజు లండన్ వెంబ్లీ స్టేడియంలోనూ, అమెరికాలో ఫిలడెల్ఫియాలోనూ. ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతా టీవీల్లో చూసింది. వెంబ్లీలో 72,000 మంది. టికెట్ 25 పౌండ్లు, అందులో 20 విరాళం. ఆ రోజుల్లో స్కాలర్‌షిప్పు కుర్రాడికి అది చిన్న సొమ్ము కాదు, పైగా టికెట్లన్నీ అయిపోయాయి. ఈయన అద్దెకున్న ఇంటావిడ కొడుకు టికెట్ కొనుక్కుని, తీరా ఆ వారం దవడ వాచి మంచమెక్కాడు. "నువ్వు వెళ్తావా? డబ్బులు తర్వాత ఇద్దువులే" అని ఆవిడ అడిగిందట. ఈయనకు ఇష్టం డైర్ స్ట్రెయిట్స్. వాళ్ళు కూడా వాయిస్తున్నారని తెలిసి ఎగిరి గంతేశారు. క్వీన్ గురించి పెద్దగా తెలియదు.

నిజానికి అప్పుడు క్వీన్ మీద జనానికి మోజు కూడా కాస్త తగ్గి ఉంది. 1984లో వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికాకు వెళ్ళి సన్ సిటీలో వాయించి వచ్చి చెడ్డపేరు తెచ్చుకున్నారు. 2018లో వచ్చిన సినిమా చూసినవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. అందులో చూపినట్టు బ్యాండ్ విడిపోయి లైవ్ ఎయిడ్ కోసం మళ్ళీ కలవలేదు. రెండు నెలల ముందు, మేలో, జపాన్‌లో కాన్సర్టులు చేస్తూనే ఉన్నారు. వాళ్ళ గొప్పంతా ఇంకో చోట ఉంది. ఒక్కో బ్యాండ్‌కు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాల చిల్లర. చాలామంది వచ్చి ఏదో వాయించి వెళ్ళారు. వీళ్ళు మాత్రం లండన్‌లో ఒక థియేటర్ అద్దెకు తీసుకుని, ఏ పాట ఎంతసేపు, ఎక్కడ కోసెయ్యాలి అని రిహార్సల్స్ చేసుకుని వచ్చారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, డెమోకు అందరూ స్లైడ్లు తెస్తే వీళ్ళు టెస్టింగ్ అయిన కోడ్ తెచ్చారు.

సాయంత్రం 6:41కి ఎక్కారు. పెద్దాయన మధ్యాహ్నం నుంచి నిలబడే ఉన్నారు. కాళ్ళు లాగేస్తున్నాయి, ఏమైనా తిందామా అని వెనక్కి తిరగబోతుండగా తెల్ల బనీను, జీన్సు ప్యాంటు, మీసం ఉన్న మనిషి పరుగున వచ్చి పియానో ముందు కూర్చున్నాడు. అంతే, ఆగిపోయారు. 'రేడియో గా గా' పాటకు స్టేడియం మొత్తం చేతులెత్తి ఒకే దెబ్బగా చప్పట్లు కొడుతుంటే ఈయన చేతులు వాటంతటవే లేచాయట. తర్వాత పాటా వాద్యమూ లేకుండా ఉత్త గొంతుతో ఒక రాగం తీశాడు, 72,000 మంది తిరిగి అన్నారు. ఇంకోటి తీశాడు, మళ్ళీ అన్నారు. "మన పక్కన కూర్చుని మనతోనే ఆడుకుంటున్నట్టుంది. వాడు ఇటలీవాడో గ్రీకువాడో అనుకున్నాను" అన్నారు పెద్దాయన. ఇరవై ఒక్క నిమిషాలు, అయిపోయింది.

2005లో బ్రిటన్‌లో ఒక టీవీ చానల్ సంగీత రంగం వాళ్ళను అడిగితే, అన్ని కాలాల్లోనూ గొప్ప ప్రదర్శనగా దాన్నే ఎంచారు.

అసలు కథ ఆరేళ్ళ తర్వాత. 1991 నవంబర్ 24న ఫ్రెడ్డీ ఎయిడ్స్‌తో పోయాడు, 45 ఏళ్ళకే. అప్పటికి పెద్దాయన మస్కట్‌లో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. పేపర్లో చావు వార్త చదువుతుంటే పుట్టిన ఊరు దగ్గర కళ్ళు ఆగిపోయాయట: జాంజిబార్. పరుగున వెళ్ళి వాళ్ళమ్మకు చెప్పారు. రాక్ అంటే ఏమిటో ఎరగని ఆవిడ మొత్తం విని ఒక్కటే అడిగిందట: "వాళ్ళమ్మకు ఆ ఇల్లు ఇంకా గుర్తుంటుందా?"

"అప్పుడే తెలిసుంటే ఎంత బావుండేది కదా! మీ ఊరివాడు స్టేజీ మీద ఉన్నాడని" అన్నాను నేను.

"లేదు. తెలియకపోవడమే నా అదృష్టం" అన్నారు. "తెలిసి ఉంటే నేను పాట వినేవాణ్ణి కాదు, జాంజిబార్‌ను వినేవాణ్ణి."

ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే విదేశాల్లో మన తెలుగువాళ్ళు చేసే పని సరిగ్గా దీనికి తిరగేసి. సినిమా ఆఖర్న పేర్లు పడుతుంటే 'రావు', 'రెడ్డి' కోసం వెతుకుతాం. పెద్ద కంపెనీకి కొత్త సీఈఓ వస్తే ముందు ఆయన ఊరేదో తీస్తాం, జిల్లా పట్టుకుంటాం, ఆపైన ఇంకా లోపలికి కూడా వెళ్తాం. ఏం చేశాడన్నది తర్వాత.

ఫ్రెడ్డీ విషయంలోనూ అదే జరిగింది. పార్సీలు మావాడన్నారు, పంచగని మావాడంది, బ్రిటన్ ఎలాగూ తనవాడే అంది. జాంజిబార్‌దే విచిత్రం. 2006లో అతని అరవయ్యో పుట్టినరోజు సంబరం చేద్దామనుకుంటే, అతని జీవన విధానం మాకు సరిపడదని అక్కడ ఒక మత సంఘం అడ్డుపడింది, సంబరం ఆగిపోయింది. 2019లో అదే ఊళ్ళో అతని పేరు మీద మ్యూజియం తెరిచారు. పర్యాటకులు వస్తారు మరి! ఇంతమంది మావాడంటున్న ఆ మనిషి మాత్రం ఆ ఊరి గురించి నోరు విప్పి చెప్పుకున్నది బహు తక్కువ. మహా అయితే 1975 నాటి 'బొహీమియన్ రాప్సొడీ'లో ఉన్నట్టుండి 'బిస్మిల్లా' అన్న మాట వినిపిస్తుంది. అది చిన్నప్పుడు మసీదు మైకులోంచి విన్నదా, ప్రాసకోసం పడిందా, ఎవరి ఊహ వాళ్ళది.

అయినా మావాడనుకోవడం తప్పని తేల్చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. నాకు గుంటూరు ఉంది, సెలవు దొరికితే విమానమెక్కి వెళ్ళిపోతాను. ఊరు చేజారిపోయినవాడికి, ఆ ఊళ్ళో పుట్టిన ఒక గొంతు మీదైనా హక్కు ఉండొద్దూ? అదే సమయంలో ఆ తోటల్లో గొడ్డుచాకిరీ చేసినవాళ్ళ మనవలకు కూడా ఆ ఊరి మీద హక్కుంది. పెద్దాయన ఈ రెండూ ఒప్పుకుంటారు. "మా ఇల్లు పోయింది నిజమే. ఆ ఇల్లు ఎవరి రెక్కల కష్టంతో కట్టారో కూడా నాకు తెలుసు" అన్నారొకసారి, ఎవరూ అడక్కుండానే.

అన్నట్టు, 1985లోనే ఇక్కడ సుల్తాన్ ఖాబూస్ ఒక సింఫనీ ఆర్కెస్ట్రా మొదలుపెట్టాడు. వయొలిన్ ఎలా ఉంటుందో చూడని ఒమానీ పిల్లల్ని ఏరి, కూర్చోబెట్టి, మొదటి అక్షరం నుంచి నేర్పించారు. 1987లో మొదటి కచేరీ. 2011లో రాయల్ ఒపెరా హౌస్ కూడా కట్టాడు. ఆ ఆర్కెస్ట్రా కచేరీకి పెద్దాయన దగ్గర ఒక టికెట్ ఎక్కువ ఉంటే నన్నూ తీసుకెళ్ళారు. విరామంలో, వాయిస్తున్నవాళ్ళు ఏ ఊరివాళ్ళండీ అని నోటిదాకా వచ్చింది. మింగేసుకుని, రెండో భాగం బాగా విన్నాను.