బ్యాటరీకి మూలం ఒక చేప

1772. ఫ్రాన్సు పడమటి తీరంలోని లా రొషెల్ రేవు పట్టణం. ఒక బల్ల మీద తడిగుడ్డ, దాని మీద ప్రాణంతో ఉన్న టార్పెడో చేప. పక్క బల్ల మీద వరుసగా నీళ్ల గిన్నెలు. దాని చుట్టూ నిలబడ్డ ప్రతి ఒక్కరూ ఒక చేతి వేలు ఒక గిన్నెలో, రెండో చేతి వేలు పక్క గిన్నెలో ముంచారు. మొదటి గిన్నె నుంచి ఒక ఇత్తడి తీగ తడిగుడ్డ దాకా వెళ్లింది. చివరి గిన్నెలో ముంచిన మరో తీగ రెండో కొస చేప వీపుకు తాకగానే అందరి చేతులూ ఒకేసారి ఝల్లుమన్నాయి. వాళ్లెవరూ చేపను ముట్టుకోనేలేదు!

ఈ ప్రయోగం చేసిన జాన్ వాల్ష్ మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసినవాడు, రాబర్ట్ క్లైవ్‌కు కార్యదర్శి. ఆయన్ను ప్రోత్సహించింది బెంజమిన్ ఫ్రాంక్లిన్.

చేప కొట్టే దెబ్బ అప్పటికి కొత్తేం కాదు. ఈజిప్టులో సక్కారా దగ్గర, నాలుగు వేల ఏళ్లు దాటిన ‘తి’ అనే అధికారి సమాధి గోడల మీద నైలు నది విద్యుత్ జెల్ల బొమ్మ ఉంది. తలనొప్పికి బతికున్న టార్పెడోను తల మీద పెట్టమని 1వ శతాబ్దపు రోమన్ వైద్యుడు స్క్రైబోనియస్ లార్గస్ రాశాడు. మన తీరానా ఇలాంటి చేపలున్నాయి. ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల గురించి 1803లో వెలువడిన గ్రంథంలో ఒకటి ‘తిమిరి’ అనే తెలుగు పేరుతోనే నమోదైంది. దెబ్బ అందరికీ తెలుసు. అది విద్యుత్తేనని తేల్చినవాడు వాల్ష్.

1773లో లండన్‌లో శస్త్రవైద్యుడు జాన్ హంటర్ టార్పెడోను కోసి చూశాడు. తలకు రెండు పక్కలా తేనెపట్టు గదుల్లా కిక్కిరిసిన నిలువు స్తంభాలు, ఒక్కో పక్క సుమారు 470. ప్రతి స్తంభమూ పలచని పొరల దొంతర. మరి అది విద్యుత్తే అయితే నిప్పురవ్వ ఎగరదేం అని కొందరు సందేహించారు. విద్యుత్తు పరిమాణం ఎక్కువ, దాని ఒత్తిడి తక్కువ కాబట్టి అని 1776లో శాస్త్రవేత్త హెన్రీ కేవెండిష్ జవాబిచ్చాడు. తోలుతో కృత్రిమ టార్పెడోను చేసి మరీ చూపించాడు.

ఆ దొంతర నిర్మాణం ఇటలీలో అలెస్సాండ్రో వోల్టాకు దారి చూపింది. వెండి, జింకు బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టి పేర్చాడు. 1800 మార్చి 20న రాయల్ సొసైటీకి రాసిన లేఖలో దాన్ని చేప అవయవంతో పోల్చి, ‘కృత్రిమ విద్యుత్ అవయవం’ అన్నాడు. ప్రపంచంలో మొదటి బ్యాటరీ అదే.

చేపలోని బిళ్లలు లోహం కావు, రూపు మారిన కండర కణాలు. వాటి పేరు ఎలక్ట్రోసైట్లు. మెదడు ఆజ్ఞ అందగానే కణం ఒక వైపు పొరలో ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. ఒక్కో కణానికి వచ్చేది వోల్టులో పదో వంతు మాత్రమే. అయితే వేల కణాలు వరుసగా ఒకే క్షణాన స్పందిస్తాయి. అమెజాన్ ప్రాంతపు ఎలక్ట్రిక్ ఈల్ ఒకటి 860 వోల్టులు పుట్టించినట్టు 2019లో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. మంచినీటిలో కరెంటు సులువుగా పారదు, అందుకే అన్ని వోల్టులు కావాలి. ఉప్పునీటి టార్పెడో స్తంభాలను పక్కపక్కన అమర్చుకుని, తక్కువ వోల్టులతోనే ఎక్కువ కరెంటు పంపుతుంది.

వేటకూ ఆత్మరక్షణకూ ఇది సరే. మరి పరిణామక్రమంలో అంత బలం రాకముందు, ఆ అవయవం బలహీనంగా ఉన్న దశలో దాని ఉపయోగమేమిటి? 1859లో డార్విన్ కూడా ఈ అవయవాలను తన సిద్ధాంతానికి ప్రత్యేకమైన చిక్కుగా ఒప్పుకున్నాడు. 1951లో కేంబ్రిడ్జిలో హాన్స్ లిస్మన్ ఆ చిక్కుముడిని వదులు చేశాడు. ఆఫ్రికా నదుల్లోని జిమ్నార్కస్ చేప వెనక్కి ఈదుతూ కూడా దేన్నీ ఢీకొట్టదు. సెకనుకు దాదాపు 300 సార్లు అతి బలహీనమైన కరెంటు వదులుతూ, తన చుట్టూ ఏర్పడే విద్యుత్ క్షేత్రంలో వచ్చే తేడాలను చర్మంతో పసిగడుతుంది. బురదనీటిలో దారి చూపడానికీ, తోటి చేపకు సంకేతమివ్వడానికీ ఆ కాస్త కరెంటు చాలు. షాక్ కొట్టే శక్తి లేకపోయినా విద్యుత్తు చేపను బతికించగలదని అలా రుజువైంది.